మానెయ్యడానికి వీల్లేనిది

ఒహాయోలో మేముండే ఊరికి గంట ప్రయాణంలో అక్రన్ ఉంది. తాగుడు మానదలచిన వాళ్ళ సంఘం 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్' 1935లో పుట్టింది అక్కడే. ఆ పద్ధతినే పట్టుకుని 1960లో లాస్ ఏంజెలిస్‌లో 'ఓవర్ఈటర్స్ ఎనానిమస్' వచ్చింది. తాగేవాడికి గ్లాసు ముట్టవద్దని చెప్పొచ్చు. అన్నం దగ్గర ఆ మాట ఎలా చెబుతాం? రోజూ మూడు పూటలా దాని ఎదుట కూర్చోవలసిందేగా!

ఊరూ పేరూ చెప్పను గానీ, మనవాళ్ళమ్మాయే. కాలేజీలో చేరాక తిండి తగ్గించింది. తర్వాత రాత్రిళ్ళు ఒక్కసారిగా తినేసి వాంతి చేసుకోవడం మొదలైంది. చికిత్సతో అది సర్దుకుంది. ఏడాది తిరక్కుండానే పరుగు పట్టుకుంది. వాన పడనీ, మంచు పడనీ, పరుగు ఆగదు. ఒక్కరోజు ఆగితే ఇంట్లో ఎవరితోనూ మాటల్లేవు. "మంచి అలవాటే కదా అన్నయ్యగారూ, అసలే షుగరు వంశం మాది" అని వాళ్ళమ్మ సంబరపడింది. "కాదమ్మా, అదే జబ్బు చీర మార్చుకుని వచ్చింది" అన్నాను. కొందరిలో ఆ చీర మద్యం, కొందరిలో విరేచనాల మాత్రలు.

దీన్ని బుద్ధిలోపం అనేవాళ్ళకి నేనొక సంగతి చెబుతుంటాను. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. మనుషులు మారిపోయారు. కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు. కాఫీ మీద కాఫీ, చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద ప్యాకెట్. మళ్ళీ తిండి పెట్టాక కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నవాళ్ళున్నారు. వ్యసనంలా కనబడినదాంట్లో చాలా భాగం ఆకలే!

అందుకే ఈ పిల్లలకి "చక్కెర విషం, పూర్తిగా మానెయ్" అనే సలహా నాకు గిట్టదు. నిషేధించినకొద్దీ అర్ధరాత్రి ఫ్రిజ్ పిలుస్తుంది. అదుపు తప్పి తినడాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ఒక ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది. 'తిండి వ్యసనం' అనే జబ్బును మాత్రం తన జాబితాలో చేర్చలేదు. దానిమీద డాక్టర్లలో వాదన ఇంకా ఉంది.

ఇక మన పండగ భోజనాలు! "ఇంకో గారె వెయ్యనా?" అన్న నోటితోనే "ఎంత సన్నబడ్డావే, ఏం చేశావో మాకూ చెప్పు!" అంటాం. మొదటిది ఎలాగో తప్పించుకోవచ్చునట. రెండోదే ఆ పిల్లకి నెలల తరబడి చెవిలో మోగిందట.

కాలి ఎముకలో చిన్న పగులు వచ్చాక పరుగు ఆపించారు. డైటీషియన్ చెప్పినట్టు మూడు పూటలా తల్లో తండ్రో పక్కన కూర్చుని తిన్నారు. కంచం మీద వ్యాఖ్యలు లేవు. తిన్న వెంటనే బాత్రూములోకి పోకుండా గంటసేపు పేకాట. రెండేళ్ళయింది. అమ్మాయి ఇప్పుడు తల్లితో నడకకు వెళ్తోంది. కాలు నొప్పిగా ఉంటే ఇంట్లోనే ఉండిపోతోంది. వాళ్ళ నాన్నగారికే రమ్మీ పిచ్చి పట్టుకుందని ఆవిడ ఫిర్యాదు.