పాల లెక్కల నోటుబుక్కు

మా అక్క కూతురు ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేది. 2022 ఫిబ్రవరి 24, పొద్దున్నే దోసెలు పోస్తుంటే ఫోన్. "పిన్నీ, బాంబులు పడుతున్నాయి. అమ్మకి నువ్వే చెప్పు." అక్కకి బీపీ. అందుకే నాకు చేసింది.

విమానాలు ఆగిపోయాయి. పిల్లలంతా హాస్టల్ బేస్‌మెంట్లో చేరారు. సాయంత్రానికల్లా దాని స్నేహితుల తల్లులు పదకొండు మందితో ఒక వాట్సాప్ గ్రూపు తయారైంది. రెండోరోజుకి అది ఏడుపుల గ్రూపయింది. ఎవరో పాత వీడియో పెడతారు, ఇంకొకరు కళ్ళు తిరిగి పడిపోతారు.

"మీరంతా గంటకోసారి ఫోన్లు చేస్తుంటే చార్జింగ్ అయిపోతోంది పిన్నీ. ఇక్కడ ప్లగ్గు ఒక్కటే" అంది మా పిల్ల. మన ప్రేమే వాళ్ళ బ్యాటరీ తినేస్తోందన్నమాట!

ఆ రాత్రి పాల లెక్కల నోటుబుక్కు తిరగేసి, వెనక పేజీల్లో గళ్ళు గీశాను. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎక్కడున్నారు, తిండి ఎన్ని రోజులకుంది. రోజుకి రెండుసార్లు, ఒక్కరే మెసేజ్ చేసి అందరి సంగతీ కనుక్కోవాలి. ఎంబసీ చెప్పింది తప్ప ఏదీ ఫార్వర్డ్ చెయ్యకూడదు. ఆ జాబితానే కంట్రోల్ రూముకి ఇచ్చాం. ఒకావిడకి నా మీద కోపం వచ్చింది. రాదా మరి, కన్నబిడ్డకి ఫోన్ చెయ్యొద్దంటే!

మార్చి 2న ఎంబసీ, నడిచైనా సరే, సాయంత్రం ఆరులోపు ఖార్కివ్ వదలమంది. అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. దగ్గరున్న పెసోచిన్ అయినా స్టేషన్ నుంచి 11 కిలోమీటర్లు. మా పన్నెండు మందిలో పదకొండు మంది చేరారు. చేరనిది ఆవిడ కూతురే. "మధ్యాహ్నం ఒక్కసారి మాట్లాడతానంటే మీరే వద్దన్నారు" అంది. ఏం చెప్పను? ఫోన్ పెట్టెయ్యకుండా రాత్రంతా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

తెల్లవారుతుండగా కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఫోన్ ఆగిపోయి, వేరే గుంపుతో కలిసి నడిచిందట పిల్ల. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత అందరూ సరిహద్దు దాటి, ఆపరేషన్ గంగ విమానాల్లో ఢిల్లీకి వచ్చారు. నోటుబుక్కులో పన్నెండు పేర్ల ఎదురుగా టిక్కులు పెట్టాను. అయినా, ఆ మధ్యాహ్నం నేను వద్దన్నది సరైనదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ పిల్లలు దూరం వెళ్తుంటే పచ్చళ్ళూ పొడులూ సర్దుతూనే, వాళ్ళ రూమ్మేట్ నంబరూ, ఆ రూమ్మేట్ వాళ్ళమ్మ నంబరూ కాగితం మీద రాసుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద.