దెయ్యం ఎవరింట్లో ఉంది?

దెయ్యాల నవలలు మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఇష్టంగా చదువుతారని నా నమ్మకం. లెక్కలు తీసి చూపించమంటే చూపించలేను గానీ, నంద్యాలలో అద్దెపుస్తకాల షాపులు బతికున్న రోజుల్లో కళ్ళారా చూశాను. డిటెక్టివ్ నవలల కోసం కాలేజీ కుర్రాళ్ళు వచ్చేవారు. చేతబడి నవలల కోసం మాత్రం ఇల్లాళ్ళు కూరగాయల సంచీతో సహా వచ్చేవారు. సంచీ అడుగున పుస్తకం, పైన వంకాయలు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మగవాళ్ళు ఆఫీసులకీ పిల్లలు బళ్ళకీ పోయాక, పట్టపగలు గడియ వేసుకుని భయపడడంలో ఉన్న సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ భయానికి ఒక హద్దుంది. నాలుగింటికి పాలవాడు తలుపు తట్టగానే అయిపోతుంది. మన తక్కిన భయాలకు ఆ సౌకర్యం లేదు కదా!

ఈమధ్య మా అక్క కూతురు బెంగుళూరు నుంచి ఇంగ్లీషు నవలలు కట్టలు కట్టలుగా పంపిస్తోంది. అన్నీ ఈ కోవవే. పాడుబడ్డ బంగళా, తాళం వేసిన గది, ఆ గదిలో ఏముందో తెలియక అటూ ఇటూ తిరిగే ఒక ఆడపిల్ల ఉంటే దాన్ని గోథిక్ అంటారు. 1764లో హొరేస్ వాల్‌పోల్ అనే పెద్దమనిషి 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'తో మొదలుపెట్టిన సంబరం, ఇంతవరకూ ఆగలేదు. బంగళా బదులు కాలేజీ, ఆడపిల్ల బదులు పుస్తకాల పురుగులు నలుగురూ ఉండి మధ్యలో ఒక హత్య జరిగిందనుకోండి, దానికి 'డార్క్ అకడీమియా' అని కొత్త పేరు పెట్టారు. పేరు కొత్తదే. సరుకు కొత్తదేమీ కాదని ముందు ముందు మనవి చేస్తాను.

వీటిని బేరీజు వెయ్యడానికి నా దగ్గర ఒకటే తూకం ఉంది. రాత్రి ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానన్నది కాదు. పుస్తకం మూశాక అనుమానం ఎటు పోయింది? నా ఇంటి లోపలికా, పక్కింటావిడ మీదికా?

మన భాషలో ఈ మాట ఎత్తితే 'తులసిదళం' దాటి పోలేం. యండమూరి వీరేంద్రనాథ్ గారు ఆంధ్రభూమి వారపత్రికలో దాన్ని సీరియల్‌గా రాస్తున్నప్పుడు నాకింకా ఊహ తెలియదు. తరువాతెప్పుడో ఆళ్ళగడ్డలో మా చిన్నమ్మ ఇంట్లో దొరికింది. వారం వారం పేజీలు చింపి దాచి, లావుపాటి దారంతో కుట్టించి పెట్టుకున్న కట్ట. మధ్యలో రెండు వారాలు లేవు, ఎవరో చదువుతామని తీసుకుని ఇవ్వలేదట. అయినా వదలకుండా చదివాను. పసిపిల్ల మీద డబ్బు కోసం క్షుద్రప్రయోగం చేయిస్తారు. ఒక పక్కన డాక్టర్లు, ఇంకో పక్కన మంత్రం, పిల్ల ప్రాణం మధ్యలో. రెండు తాళ్ళూ సమానంగా లాగి, పాఠకుడు ఏది నమ్ముకుంటే అది నమ్ముకోమని వదిలేస్తారు. కథ నడపడంలో ఆయన చెయ్యి ఎంత నేర్పరిదో నేను చెప్పక్కరలేదు. రంగనాయకమ్మగారు మాత్రం 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని విరుచుకుపడ్డారు. ఆవిడ కోపమంతా నాకు లేదు. దుప్పటి ముసుగులో పొందిన ఆనందాన్ని ఇప్పుడు కాదనడం మర్యాద కాదు.

కానీ ఆ కట్ట గురించి మా చిన్నమ్మ చెప్పిన సంగతి ఒకటుంది. వాళ్ళ వీధి చివర ఒకావిడ మజ్జిగ అమ్ముకునేది. భర్త పోయినావిడ, పిల్లల్లేరు. కనపడిన పిల్లనల్లా బుగ్గలు పుణికి మెటికలు విరిచేది. సీరియల్ జోరుగా సాగుతున్న రోజుల్లోనే ఆ వీధిలో ఒక పిల్లవాడికి జ్వరం పట్టుకుంది. వారమైనా దిగలేదు. ఎవరి గుమ్మం ముందో నిమ్మకాయ కనపడిందన్నారు. నిమ్మకాయ ఎవరింట్లో ఉండదండీ? సంచీలోంచి జారిపడి ఉంటుంది. ఆ మర్నాటి నుంచీ ఆవిడ మజ్జిగ ఎవరూ కొనలేదు. పిల్లవాణ్ణి నంద్యాల తీసుకుపోతే టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, తగ్గింది. జ్వరం తగ్గింది గానీ మజ్జిగ బేరం మాత్రం తిరిగి రాలేదు. ఆవిడ ఆ ఏడాదే ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోయిందట.

"యాడికి పోయింది చిన్నమ్మా?" అన్నాను.

"ఎవరడిగినారే? అడిగే మొగం మాకు లేకపాయె. ఆ కత చదివినాంక ఆమె చేతి మజ్జిగ తాగాలంటే మనసు రాలేదు, అంతే."

నవలలో ఉన్నది అడవుల్లోంచి వచ్చిన మంత్రగాడు. వీధిలో దొరికింది మజ్జిగావిడ. రచయిత ఆవిణ్ణి చూపించలేదు, నిజమే. కానీ భయమన్నది ఒకసారి ఇంట్లోంచి బయటికి బయలుదేరితే రాజుగారింటికి పోదు. వీధిలో ఎవరికి దిక్కులేదో వాళ్ళ గుమ్మం ముందే ఆగుతుంది. బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టడం, పళ్ళూడగొట్టడం మనం పేపర్లలో చదివినవే. మహారాష్ట్రలో 2013లో ఇలాంటివాటి మీద ప్రత్యేకంగా చట్టం వచ్చింది, అదీ దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్ గారు హత్యకు గురయ్యాక. అందుకే దెయ్యాల కథ రాసే చేతికి కాస్త బరువు తెలియాలంటాను.

మరి 'అరుంధతి' సంగతేమిటంటారా? అది నవల కాదు, కోడి రామకృష్ణగారి సినిమా, 2009లో వచ్చింది. అయినా మా జిల్లావాళ్ళం దాన్ని వదులుకోం. కథలో గద్వాల కోట అన్నారు గానీ, తెర మీద కనపడే ఆ బంగళా బనగానపల్లె నవాబులది. రాళ్ళగుట్ట మీద ఒంటరిగా ఉంటుంది. సినిమా వచ్చాక దానికి అరుంధతి కోట అనే పేరు స్థిరపడిపోయింది. యాగంటి వెళ్ళేవాళ్ళు దారిలో ఆగి ఫొటోలు దిగుతారు. జేజి, జేజమ్మ అని మేము నాయనమ్మను పిలుచుకునే పిలుపు ఆ సినిమాతో ఊరూరా మోగింది. గ్రాఫిక్సు, పుర్రెలు, కేకలు నాకంతగా పట్టలేదు. నాకు పట్టింది ఒకటే. అందులో పశుపతి ఎక్కడి నుంచో ఊడిపడ్డ పిశాచం కాదు, ఆ ఇంటి అల్లుడు. దెయ్యం కాకముందు మనిషిగానే అన్ని ఘోరాలూ చేశాడు, అల్లుడు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు ఓర్చుకున్నారు. సమాధి కట్టింది తరువాత, అంతకు ముందే ఆ ఇంట్లో నోళ్ళకు గోడ కట్టుకున్నారు. నా తూకంలో ఈ సినిమా నెగ్గింది.

ఇక ఇంగ్లీషువి. డాఫ్నే డు మారియే 1938లో రాసిన 'రెబెకా' బి.ఏ. రోజుల్లో చదివినప్పుడు నాకు ప్రాణం. పేరు కూడా చెప్పని ఒక పేదపిల్ల రెండో భార్యగా పెద్ద బంగళాలోకి వస్తుంది. మొదటి భార్య దువ్వెన ఆమె గదిలో అలాగే ఉంటుంది. తాళాలు, పనివాళ్ళు, భోజనాల వేళలు అన్నీ పోయినావిడ పద్ధతే. మన దేశంలో దీన్ని గోథిక్ అనరు, కాపురానికి రావడం అంటారు! అత్తగారి బదులు అక్కడ మిసెస్ డాన్వర్స్ ఉంది, అంతే తేడా. ఈమధ్య మళ్ళీ చదివితే మాత్రం ఒళ్ళు మండింది. మొగుడు మొదటి భార్యను చంపాడని తెలిశాక ఈ అమ్మాయికి కలిగింది భయం కాదు, పట్టరాని సంతోషం. ఎందుకంటే ఆయన ఆవిణ్ణి ఎన్నడూ ప్రేమించలేదట! కథ చెప్పేశానని తిట్టుకోకండి, ఎనభై ఏళ్ళు దాటిన పుస్తకం.

సిల్వియా మొరేనో గార్సియా రాసిన 'మెక్సికన్ గోథిక్' 2020లో వచ్చింది. కొత్తవాటిలో నాకు నచ్చింది ఇదే. కొండమీద ఒక ఇంగ్లీషువాళ్ళ బంగళా. వెండిగనుల మీద బతికిన కుటుంబం, ఆ గనుల్లో స్థానిక కూలీలు లెక్కలేనంతమంది చచ్చిపోయి ఉంటారు. ఆ ఇంటికి కోడలుగా వెళ్ళిన కటలీనా, తన భర్త తనకు విషం పెడుతున్నాడని పుట్టింటికి ఉత్తరం రాస్తుంది. అత్తింటివాళ్ళేమో జబ్బు, జ్వరం, పలవరింత అంటారు. గోడలకు పట్టిన బూజు సంగతి నేను చెప్పను, సాయంత్రాలు చదవకండి అని మాత్రం చెబుతాను. చివరి యాభై పేజీల్లో హడావిడి ఎక్కువైంది. అయినా ఫరవాలేదు.

ఈ కథను ఆళ్ళగడ్డలో మా చిన్నమ్మకు రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. బూజుకూ శవాలకూ ఆవిడ చలించలేదు. శ్రద్ధగా విని, "ఆ పిల్ల ఉత్తరం రాసె కదా, పుట్టినింటోళ్ళు ఎన్నాళ్ళకు పోయిరి?" అంది.

"ఉత్తరం అందినెంటనే పెదనాయన కూతుర్ని పంపినారు చిన్నమ్మా."

"వెంటనేనా?" అంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత లేచి దీపం పెట్టింది.

కాలేజీ నవలల దగ్గరికొస్తే, అందరూ మొక్కే దేవత డోనా టార్ట్ 1992లో రాసిన 'ది సీక్రెట్ హిస్టరీ'. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీ, గ్రీకు చదివే అరడజనుమంది విద్యార్థులు, తమలో ఒకణ్ణి తామే చంపుతారు. ఆ సంగతి మొదట్లోనే చెప్పేసి ఐదువందల పేజీలు చదివిస్తుందావిడ. గొప్ప నేర్పే. కానీ ఉన్ని కోట్లు, మంచు, వైన్ గ్లాసులు, ఖరీదైన దుఃఖం. ఫీజు ఎప్పుడు కట్టాలన్న భయం కథ చెప్పే కుర్రాడికి తప్ప మరెవరికీ ఉన్నట్లు కనపడదు. ఆర్.ఎఫ్. క్వాంగ్ 2022లో రాసిన 'బేబెల్' అలా కాదు. 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్. వెండి కడ్డీ మీద ఒకే మాటను రెండు భాషల్లో చెక్కుతారు. అనువాదంలో జారిపోయిన అర్థమే శక్తిగా మారి సామ్రాజ్యాన్ని నడిపిస్తుంది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన మనలాంటివాళ్ళకు ఈ ఊహ ఎంత దగ్గరిదో! చైనాలోని కాంటన్ నుంచి ఒక పిల్లవాణ్ణి తెచ్చి పెంచుతాడు ఒక ప్రొఫెసరు. లాటిన్, గ్రీకు, గంటల పట్టీ, అన్నీ అమర్చిపెడతాడు. ఒకసారి నవల చదువుతూ ఒళ్ళు మరచి పాఠానికి రాలేదని ఇనుపకడ్డీతో చావబాదుతాడు. ఆ ప్రొఫెసరు ఆ పిల్లవాడికి ఏమవుతాడో మీరే చదువుకోండి. నేను చెబితే బాగుండదు.

అది చదువుతుంటే నాకు ఆక్స్‌ఫర్డ్ కాదు, ఆళ్ళగడ్డ పక్కనున్న అహోబిలం గుర్తొచ్చింది. నవ్వకండి. అక్కడి కథ ఏమిటి? ఒక తండ్రి కొడుకును చండామార్కుల దగ్గర చదువుకు పెట్టాడు. ఇంటికొచ్చిన కొడుకును తొడమీద కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావు నాయనా అని అడిగాడు. జవాబు సిలబస్‌లో లేదు. ముందు అయ్యవార్ల మీద మండిపడ్డాడు, తరువాత పిల్లవాడి మీదికి పాములు, ఏనుగులు, విషం, నిప్పు. అన్నీ చేయించింది కన్నతండ్రే. భూతాన్ని బయటి నుంచి పిలవాల్సిన పని లేకపోయింది. చివరికి దేవుడు కూడా ఆ ఇంటి స్తంభంలోంచే, పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప మీదికి రావలసివచ్చింది. ఎగువ అహోబిలంలో ఉగ్రస్తంభం చూపించి పూజారులు ఈ కథ చెబుతుంటే మనం చెంపలు వేసుకుంటాం. భక్తి కథే, కాదనను. కానీ ఇంతకంటే భయంకరమైన చదువుల కథ ఏ ఇంగ్లీషు కాలేజీలో జరిగింది?

నంద్యాలకు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ఎక్కడెక్కడో పేరుంది. డిగ్రీ అయిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురేసి ఉండి, కరెంటు పోతే సెల్‌ఫోన్ వెలుతురులో లెక్కలు చేసుకుంటారు. వాళ్ళు కాస్త పెద్దవాళ్ళు, ఇష్టపడి వచ్చినవాళ్ళు. పదహారేళ్ళకే రెసిడెన్షియల్ కాలేజీల్లో పెట్టిన ఇంటర్ పిల్లల సంగతి వేరు. 2022లో మన దేశంలో పదమూడు వేల పైచిలుకు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అన్నీ హాస్టళ్ళలోవి కావు, అన్నీ చదువు కోసమే కావు. అయినా ఆ అంకె చూశాక ఇక కొవ్వొత్తులూ లాటిన్ శ్లోకాలూ ఉన్న పాడుబడ్డ కాలేజీకి నేనేం భయపడతాను?

ఈ పుస్తకాలన్నీ పంపించే మా అక్క కూతురు అలాంటి హాస్టల్లోనే రెండేళ్ళు ఉండి వచ్చింది. ఏ ఊరో, ఏ కాలేజీయో ఇక్కడ అనవసరం. 'సీక్రెట్ హిస్టరీ' మీద దాని అభిప్రాయం అడిగితే, "వాళ్ళకి గేటు తీసే ఉంటుంది కదా పిన్నీ" అంది. ఆదివారం ఫోను రోజుట. వరసలో నిలబడితే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. పక్కనే వార్డెన్ కుర్చీ వేసుకుని కూర్చునేదిట. అటు నుంచి అమ్మ "ఎట్లున్నావే?" అంటుంది. ఇటు నుంచి "బాగున్నా" అనాలి. తన వెనకాల నలభైమంది, నలభైమందీ అదే మాట. "నువ్వు కూడా ఒక ఆదివారం ఫోన్‌లో మాట్లాడావు పిన్నీ, గుర్తుందా? బాగున్నానని చెప్పాను" అంది నవ్వుతూ.

దెయ్యాల నవల రాయమని సంపాదకులు చాలాకాలంగా అడుగుతున్నారు. చేతబడులు, నిమ్మకాయలు నావల్ల కాదని తప్పించుకుంటూ వచ్చాను. మొన్న ఈ ఆదివారం ఫోను సీనుతో మొదలుపెట్టాను. పదకొండు పేజీలయ్యాయి. ఇంతవరకూ దెయ్యం రాలేదు. వార్డెన్ మాత్రం రెండో పేజీలోనే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.