బుట్టలల్లే ఇంటి పిల్లలకి బూటు గుడ్డ గురించి తెలీదా?

పోస్టు కొంచెం పొడవుంటది. బూట్ల కంపెనీల్లో పనిచేస్తున్న, చేరదామనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఆఖరిదాకా చదవండి.

మేం అయిదుగురు ఆడపిల్లలం. పాడేరు వైపు ఊళ్ల నుంచి ఇంటర్ అయ్యాక ఒక బూట్ల కంపెనీలో చేరాం. ముగ్గురం కటింగులో, ఇద్దరం స్టిచింగులో. పేరుకి హెల్పర్లం. మాకు నేర్పింది ఒక్కటే: డై పెట్టు, మిషను నొక్కు, ముక్కలు లెక్కపెట్టు.

రెండో వారంలో గుడ్డ వేస్టు అవుతోందని డైని అడ్డంగా తిప్పి పెట్టాం. ముక్కలు ఎక్కువొచ్చాయి, సంతోషపడ్డాం. మర్నాడు అవి కుట్టు అయిపోయి లాస్టు మీదికెళ్లాయి. లాస్టంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు. బూటు పైభాగాన్ని, అంటే అప్పర్‌ని, దాని మీద లాగి బిగించి కింద సోలు అంటిస్తారు. అలా లాగేసరికి మా ముక్కలు పొడవునా సాగిపోయాయి. ఎడమ బూటు ఒకలా, కుడి బూటు ఇంకోలా వచ్చాయి. సూపర్‌వైజరు లైనులో అందరి ముందూ, "అడవి నుంచి వచ్చినోళ్లకి గుడ్డ గురించి ఏం తెలుస్తది" అన్నాడు. జీతంలో కోత కూడా పడింది. కోత కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

టీ టైములో లైనులో సీనియర్ అక్క ఒకామె మమ్మల్ని పిలిచింది. "ఇట్రండమ్మా, దీన్ని పట్టుకుని ఇటు లాగండి, ఇప్పుడు అటు లాగండి" అంది. ఒకవైపు సాగింది, ఇంకోవైపు గట్టిగా ఉంది. ముందు భాగం ముక్కలో సాగే వైపు పాదానికి అడ్డంగా రావాలంట, వేళ్ల నుంచి మడమ వైపు కాదు. గుడ్డ చుట్ట మీద బాణం గుర్తు అందుకే ఉంది. రెండు వారాల్లో ఆ బాణం గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి రూములో పాత బూటు ఒకటి విప్పి, దారాలు లాగుతూ కూర్చున్నాం. మెల్లగా అర్థమైంది, ఇందులో మనం ఎప్పుడూ చూడనిది ఏమీ లేదని.

కాన్వాసు బూటు గుడ్డ నేత. నిలువు పోగు పడుగు, అడ్డం పోగు పేక. మా అమ్మమ్మ బుట్ట అల్లేటప్పుడు నిలబెట్టే వెదురు బద్దలు పడుగు, వాటి మధ్య తిప్పే సన్న బద్దలు పేక. నేసిన గుడ్డ నిలువునా అడ్డంగా పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే సాగుద్ది. కోసిన అంచు దగ్గర పోగులు ఊడతాయి, అందుకే అంచు మడిచి కుడతారు.

స్వెట్టర్‌ది అల్లిక. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా పోద్ది. బాగా సాగుద్ది గానీ ఒక ఉచ్చు తెగితే వరసంతా జారిపోద్ది. స్పోర్ట్స్ బూట్ల మెష్ ఇంకో రకం అల్లిక. చాలా దారాలు నిలువుగా నడుస్తూ పక్క దారాలతో ముడిపడతాయి, అందుకే కోసినా అంత తేలిగ్గా జారదు. మెత్తగా, మందంగా ఉండే మెష్‌లో పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో రెండింటినీ పట్టుకుని నిలబడే దారాలు ఉంటాయి. గాలి ఆ సందుల్లోంచే ఆడుద్ది.

ఇక బూటు లేసు జడ. పోగులు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. చిన్నప్పుడు అమ్మ మాకు వేసిందీ అదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, కంపెనీలో కొత్తగా అల్లిక మిషన్లు వస్తాయని విన్నాం. 2012లో నైకీ ఫ్లైనిట్ అని, అదే ఏడాది అడిడాస్ ప్రైమ్‌నిట్ అని అల్లిన అప్పర్ల బూట్లు తెచ్చాయి. ఎక్కడ బిగువుండాలో, ఎక్కడ గాలాడాలో కంప్యూటరులో పెడితే మిషను అలాగే అల్లుద్ది. వేడికి కరిగే దారం కలిపి, తర్వాత వేడి చేస్తే అక్కడ గట్టిపడుద్ది. మామూలు అప్పర్ చాలా ముక్కలు కలిపి కుట్టింది. ఇది దాదాపు ఒకే ముక్కగా దిగుద్ది. వేస్టు తగ్గుద్ది, కంపెనీకి మంచిదే. కానీ కటింగు, కుట్టు పని కూడా తగ్గుద్ది. ఆ పనిలో ఉన్నది ఎవరు? మనలాంటి ఆడపిల్లలే.

అదే 2012లో ఈ అల్లిక మాదంటూ నైకీ అడిడాస్ మీద జర్మనీలో కోర్టుకెళ్లింది. ఈ పద్ధతి 1940ల నుంచే ఉందని అడిడాస్ వాదించింది. మొదట ఇచ్చిన తాత్కాలిక ఆర్డరును కోర్టు ఆ ఏడాదే ఎత్తేసింది. అది చదివి మేం నవ్వుకున్నాం. కొరాపుట్ వైపు గదబ ఆడవాళ్లు కెరంగ్ నారతో చారల బట్ట నేసుకునేవారు. వాళ్లకి పేటెంటూ లేదు, కోర్టూ లేదు. అంత పెద్ద కంపెనీలు కొట్టుకునేంత విలువున్న విద్య మన ఇళ్లలో ఉంటే, మనల్ని మనం "ఏమీ రానోళ్లం" అనుకున్నాం.

బుట్ట అల్లడం వస్తే మిషను వచ్చేస్తదని చెప్పట్లేదు. మిషను వేరే చదువు. కానీ పోగు ఎటు పోతుందో తెలిసినోళ్లకి ఆ చదువు తొందరగా ఎక్కుద్ది. అందుకే చేరిన రోజే అడగండి: ఈ గుడ్డ నేతా, అల్లికా? ఎటు సాగుద్ది? బాణం ఎటు? మిషన్లు వస్తే వాటి ట్రైనింగుకి మా పేర్లు రాయమని మేం అయిదుగురం కలిసి అడిగాం. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ అడుగుతాం.

ఇంటర్ అవుతున్నవాళ్లు హైదరాబాద్‌లో ఉన్న ఎఫ్‌డీడీఐ గురించి కనుక్కోండి. బూట్ల డిజైన్‌లో డిగ్రీ చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, అందుకే మేం చెప్తున్నాం.

పోయిన పండక్కి ఇంటికెళ్లినప్పుడు మెష్ ముక్క ఒకటి అమ్మమ్మ చేతిలో పెట్టాం. అటు లాగింది, ఇటు లాగింది. "ఇటు సాగుతుంది, ఇటువైపు బరువు పెట్టకూడదు" అంది.

మీ ఇళ్లలో ఏమేం అల్లుతారు? పడుగుకి, పేకకి కువిలో, కోయలో, సవరలో, గదబలో ఏమంటారు? పెద్దవాళ్లని అడిగి ఇక్కడ రాయండి. అన్నీ ఒకచోట రాసిపెట్టుకుందాం.