విశాఖ సముద్రం అడుగున ఘాజీ

విశాఖపట్నం చూడబోయిన మన పల్లెల వారెవరూ బీచ్ రోడ్డులోని జలాంతర్గామిని చూడకుండా తిరిగి రారు. రామకృష్ణా బీచ్ దగ్గర ఇసుక మీద నిలబెట్టిన ఆ పొడుగాటి నల్లని ఓడ పేరు కురుసుర. మనుమడు పట్టుబట్టగా మేమూ టిక్కెట్లు తీసుకొని వరుసలో నిలబడ్డాము.

కురుసుర 1969 డిసెంబరులో అప్పటి సోవియట్ దేశంలోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకొంది. మరుసటి సంవత్సరం దానిని ఒడ్డుకు లాగి, ప్రజలు చూచేందుకు తెరిచారు. పొడవు 91 మీటర్లు. బయట నుండి చూస్తే రైలుబండి అంత ఉంటుంది గాని లోపల మనిషికి మిగిలిన చోటు బహు తక్కువ. ఒక గది నుండి మరొక గదికి వెళ్ళాలంటే గుండ్రని కంతలాంటి ద్వారంలో ముందు కాలు పెట్టి, తల వంచి, దేహాన్ని ముడుచుకొని దూరాలి. మా ఆవిడ రెండుచోట్ల తల కొట్టుకొంది. గొట్టాలు, చక్రాలు, మీటలు తప్ప ఖాళీ గోడ కనబడదు. టార్పెడోల ప్రక్కనే పడకలు. ఒకడు లేచి పనికి పోతే అదే పడకలో మరొకడు పడుకొనేవాడట. నీళ్ళు తాగడానికే పొదుపు, ఇక స్నానాల మాట అడగనక్కరలేదు.

లోపల వివరాలు చెప్పేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారే. ఇటువంటి ఓడ నీటిపైన ఉన్నంతసేపు డీజిల్ ఇంజన్లతో నడుస్తుంది. వాటితోనే పెద్ద పెద్ద బ్యాటరీలను నింపుకొంటుంది. మునిగిన తరువాత ఆ బ్యాటరీలే దిక్కు. అవి నిండుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అది పోగుపడితే ఒక్క నిప్పురవ్వ చాలు.

బయటికి వచ్చి గాలి పీల్చుకొంటుండగా మనుమడు అడిగాడు, "తాతయ్యా, ఇది మునిగిపోతే లోపలివాళ్ళు ఎలా వస్తారు?"

నేను సముద్రం వైపు చూపించాను. ఆ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఈ తీరానికి దూరం కాని చోట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 నుండి అడుగున పడి ఉన్నది. అందులోనివారు 93 మంది అని కొందరు, 92 అని కొందరు వ్రాశారు. ఒక్కరూ బ్రతికి బయటపడలేదు.

ఘాజీ అమెరికాలో పుట్టిన ఓడ. 1944లో నీట దించినప్పుడు దాని పేరు డయాబ్లో. స్పానిష్ భాషలో ఆ మాటకు అపవాది అని అర్థం. ఓడకు ఆ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గాని, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చాక అది ఘాజీ అయింది. 1971 నవంబరు మధ్యలో కరాచీ నుండి బయలుదేరి, సిలోను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. వారి జలాంతర్గాములలో అంత దూరం రాగలిగినది అదొక్కటే. వెతికింది మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను.

విక్రాంత్ మాత్రం అప్పటికే అండమాన్ దీవుల వైపు వెళ్ళిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక ఎత్తు వేశారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను పంపి, విక్రాంత్ ఇక్కడే ఉన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. వేలమంది తినేటంత మాంసం, కూరగాయలు కాంట్రాక్టర్లకు పురమాయించారు. అన్నిటికంటె నా మనసులో నిలిచినది ఒక టెలిగ్రాం. విక్రాంత్ మీది నావికుడొకడు, జబ్బుగా ఉన్న తన తల్లి క్షేమం అడుగుతున్నట్టు బహిరంగంగా పంపారు. అటువంటి తల్లి లేదు, అటువంటి జబ్బూ లేదు. కాని ఆ మాట విని నమ్మగలిగినవారు కూడా ఒక తల్లిని ఇంట విడిచి వచ్చినవారే గదా.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద ప్రేలుడు వినబడింది. తరువాత మన జాలరులు నీటి మీద తేలుతున్న కొన్ని వస్తువులను ఏరి తెచ్చారు. వాటిని బట్టి, గజ ఈతగాళ్ళు దిగి చూచినదానిని బట్టి అది ఘాజీ అని తేలింది. రాజ్‌పుత్ విడిచిన బాంబులే ముంచాయని మన నౌకాదళం చెబుతుంది. తాను పరచిన మందుపాతరే ప్రేలిందని, లేదా లోపలే ప్రమాదం జరిగిందని పాకిస్తాన్ చెబుతుంది. 2017లో ఘాజీ పేరుతో తెలుగు సినిమా వచ్చింది, మన పిల్లలు చాలామంది చూచారు. అందులో మన జలాంతర్గామి ఎదురు నిలిచి పోరాడుతుంది. జరిగినది అది కాదు, నీటి క్రింద అటువంటి యుద్ధమేమీ జరగలేదు.

"అయితే మనమే గెలిచాము గదా" అన్నాడు మనుమడు చప్పట్లు కొడుతూ. అవును, గెలిచాము. అదే బీచ్ రోడ్డులో 1996లో కట్టిన విజయ స్మారకం ఉన్నది. దాని ముందు వాడికి ఫొటో కూడా తీశాను. కాని ఇంకో మాట కూడా చెప్పాను. ఘాజీ మునిగిన వారం తిరగకముందే, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీ నౌకను ముంచింది. మనవారు 190 మందికి పైగా పోయారు. కెప్టెన్ ముల్లా ఓడను విడువక దానితోనే మునిగారు. 2013 ఆగస్టు 14న యుద్ధమేమీ లేని వేళ ముంబయి రేవులోనే సింధురక్షక్ ప్రేలి 18 మంది చనిపోయారు. వారిలో ఈ విశాఖ బిడ్డలు కూడా ఉన్నారు. వాడు చప్పట్లు ఆపాడు.

2024లో మన నౌకాదళం వారి లోతునీటి రక్షక వాహనం ఘాజీ శిథిలాన్ని మరల గుర్తించిందని పత్రికలలో వచ్చింది. చనిపోయినవారిపట్ల గౌరవంతో దానిని ముట్టుకోలేదట. ఆ వార్త చదివినప్పుడు నాకు విజయ స్మారకం చూచినప్పటికంటె ఎక్కువ సంతోషం కలిగింది. అక్కడ సమాధి రాయి లేదు, పువ్వు పెట్టే చోటు లేదు.

పొద్దు వాలుతోంది. మా ఆవిడ ఇసుకలో చెప్పులు విడిచి నీళ్ళ అంచున నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేపల రేవు వైపు నుండి పడవలు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరాయి. మనుమడు వాటిని లెక్కపెడుతూ, "తాతయ్యా, అవి వాళ్ళ మీదుగానే వెళ్తాయా?" అన్నాడు.

వెళ్తాయి కాబోలు అన్నాను.