మిశ్రలోహచక్రములకు మెఱుగు

చింతపండుతో బిందెలు తోముకొను మనకు మోటారుచక్రములతో నేమి పనియని సోదరీమణులు నవ్వవచ్చును. మా రాయికోడునకు చేరువనున్న బీదరులో తుత్తునాగమును, రాగిని కలిపి పోసిన బిద్రీపాత్రలను కోటమట్టితో నల్లబఱతురు. పొదిగిన వెండిమాత్రము తెల్లగా నిలుచును. ఏ లోహమున కా యుపచారమే తగును.

మావారు కొన్న పాతకారు చక్రములు మసకబారియుండెను. అవి అల్యూమినియమున నూటికి సుమారు 7 పాళ్ళు సిలికాను కలిపి పోసినవి. వానికి చింతపులుసు తగదు. చాకలిసోడా యసలే తగదు, ఆ లోహమును తినివేయును. సబ్బునీట బ్రేకుల నల్లపొడి కడిగి, 400, 800, 1200 అంకెల గరుకుకాగితములను వరుసగా తడిపి రుద్దితిని. పొడిగా రుద్దినచో నా రజను ఊపిరితిత్తులకు చేటు. వారము దినముల చాకిరి! పిదప లాకరు పూసితిమి.

మూడు చక్రము లద్దములైనవి. నాల్గవదాని మకిలి పోగానే ఆకుమొదట వెండ్రుకవంటి బీట కనబడెను.

“రంగు వేసిన నెవరికి తెలియును?” అనిరి మావారు.

“మన పిల్లలు దానిమీదనే గదా జహీరాబాదు పోవలసినది!” అంటిని.

అతికించుటకును నే నొప్పలేదు. కాకచే చుట్టునున్న లోహపు బిగువు తగ్గును. క్రొత్తచక్రము కొనిరి. బీటవారినది పెరటిలో నీళ్లకుండకు కుదురైనది.