మూతపలక లోపలి బొమ్మ

గ్రీకు ఆలయాలు చూడాలంటే ఏథెన్సుకే పోనక్కర్లేదు. అక్రొపొలిస్ మీద గుడికంటే ముందు నిలబడ్డవాళ్ల వీపులే ఎక్కువ కనిపిస్తాయి. నన్నడిగితే ఇటలీలో, నేపుల్స్‌కి దక్షిణాన సముద్రం దాపునున్న పేస్తుమ్‌కి పొమ్మంటాను, అదీ చలికాలంలో. సైబరిస్ నుంచి వచ్చిన గ్రీకులు క్రీ.పూ. 600 ప్రాంతంలో కట్టుకున్న ఊరది. అప్పటి పేరు పొసీడోనియా. తర్వాత ఇటలీ జాతివాళ్లే అయిన లుకానియన్లు వచ్చారు, రోమన్లు వచ్చారు, చివరికి దోమలొచ్చాయి. మలేరియాకి జడిసి జనం కొండలెక్కేశారు. మూడు ఆలయాలు మాత్రం నిలిచాయి. దోమలే కాపలా కాశాయనాలి.

వాటిలో పాతది హేరా ఆలయం. ముందు వరసలో 9 స్తంభాలు. బేసి సంఖ్య కావడంతో దారి ఉండాల్సిన నడిమధ్యన స్తంభమే అడ్డం నిలబడింది. నడుము దగ్గర లావెక్కిన ఆ మొరటు స్తంభాలే, పక్కగుడి తీరైన కొలతలకంటే నాకు నచ్చాయి.

అసలు సంగతి అక్కడి మ్యూజియంలో ఉంది. 1968లో పురావస్తు శాస్త్రవేత్త మారియో నాపోలి ఊరికి దక్షిణాన ఒక చిన్న సమాధిని తవ్వి తీశాడు. క్రీ.పూ. 480-470 నాటిది. గోడలకు నాలుగు రాతిపలకలు, పైన మూత. గోడల మీద విందు సాగుతోంది. మంచాల మీద ఒరిగిన మగవాళ్లలో ఒకడు జంట పిల్లనగ్రోవులు ఊదుతున్నాడు, ఇంకొకడు గిన్నె అడుగున మిగిలిన ద్రాక్షసారాను గురిచూసి విసిరే ఆటలో ఉన్నాడు. మూతకి లోపలి వైపు, అంటే శవం ముఖానికి ఎదురుగా, ఒక కుర్రాడు నీళ్లలోకి దూకుతున్నాడు. మన బావుల్లో పిల్లల్లా ముక్కు మూసుకుని కాదు. తల ఎత్తి, చేతులు చాచి. గడ్డాన నూనూగు వెంట్రుకలు సన్నగీతల్లో కనిపిస్తాయి.

జీవితం నుంచి మృత్యువులోకి దూకడమే ఆ బొమ్మ అర్థమని చాలామంది పండితులన్నారు. పురావస్తు పండితుడు టోనియో హోల్షర్ ఒప్పుకోలేదు: అది గ్రీకు కుర్రాళ్లు నిజంగా దూకిన దూకుడేనన్నాడు. నా ఓటు ఆయనకే. వేదాంతం చెప్పేవాడికి ఆ నూనూగు గడ్డంతో పనేముంది? సమాధిలో దొరికిన తాబేటి చిప్ప కూడా లైర్ వాద్యానిదే. పాటా ఆటా ఎరిగినవాణ్ణే పాతిపెట్టినట్టున్నారు.

పక్కనే లుకానియన్ల సమాధి పలకలు, క్రీ.పూ. 4వ శతాబ్దానివి, బోలెడున్నాయి. గీత ముతక. రథాల పందేలు, ఈటెలతో కలబడే జంటలు, గాయాల నుంచి ఎర్రటి నెత్తురు ధారలు. పలక మూసేశాక చూసే కన్ను లేదని తెలిసీ, ఆ చిత్రకారుడు నెత్తురు దగ్గర రంగుకి పిసినారితనం చూపలేదు.