జబ్బు ఒకరిది, పథ్యం ఇద్దరిది

నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం విహారంలో వందన జరుగుతుండగా మా ఇద్దరిలో ఆమె గోడ పట్టుకుని కూలబడింది. గది గిర్రున తిరుగుతోందని, ఎడమ చెవిలో పిండిమర మోత వస్తోందని చెప్పింది. ఆ వెంటనే వాంతులు. మూడు గంటలకు గాని తేరుకోలేదు.

ఆ నెలలో మూడుసార్లు అలాగే వచ్చింది. బంధువులు దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. "ఒక్క తాయెత్తేగా, కడితే పోయేదేముంది?" అని మా పెద్దమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్లమే అయినా ఆ రాత్రి మేము తటపటాయించాం. దాచుకోవడం ఎందుకు? భయంలో ఉన్నవాళ్లకు దారప్పోగు కూడా ఆసరాగానే కనిపిస్తుంది.

తెల్లవారి చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాం. వినికిడి పరీక్ష చేయించి, ఇది మెనియర్ జబ్బు అన్నారు. లోపలి చెవిలో ఉండే ద్రవం ఎక్కువవుతుంది. తల తిరగడం, చెవిలో మోత, దిబ్బడ, వినికిడి తగ్గడం దీని లక్షణాలు. ఈ తిరుగుడుకు మూలం మెదడు కాదు, చెవి అని 1861లో ప్రోస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు. జబ్బుకు ఒక పేరు, ఒక చోటు దొరికాక మా భయం సగం తగ్గింది.

మందులతో పాటు ఉప్పు బాగా తగ్గించమన్నారు. టీ, కాఫీ తగ్గించాలి, వేళకు తినాలి, వేళకు పడుకోవాలి. మద్యం పంచశీలతోనే మా ఇల్లు విడిచింది. అయితే ఉప్పు తగ్గిస్తే అందరికీ నయమవుతుందన్న గట్టి రుజువు లేదని కూడా ఆయనే చెప్పారు. కాలామ సుత్తం చదివినవాళ్లం, చేసి చూసి తేల్చుకుందామనుకున్నాం. ఏం తిన్నామో, ఎంత నిద్రపోయామో, ఎప్పుడు తల తిరిగిందో రోజూ నోటు పుస్తకంలో రాశాం.

చెప్పినంత తేలిక కాలేదు. కూర లేని పూటలు మా వాడలో అందరికీ తెలుసు. గొడ్డుకారం, ఎండుచేప, ఊరగాయ, వీటితోనే పెరిగాం. ఉప్పే మా కూర. దాన్ని వదలడమంటే అమ్మ చేతి ముద్దను కాదన్నట్టే అనిపించింది. మొదటి వారం పంతంకొద్దీ ఉప్పు పూర్తిగా మానేసి నీరసపడ్డాం. డాక్టరు మందలించారు. ఒంటిని ఎండబెడితే దారి దొరకదని, సుజాత పాయసం స్వీకరించిన నాడే తథాగతుడు చూపాడు కదా!

పెద్దలకు రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే సుమారు ఒక టీ చెంచా. పొద్దున్నే ఆ రోజుకు సరిపడా ఉప్పు చిన్న డబ్బాలో తీసిపెట్టి, మూడు పూటలకూ సమంగా వాడతాం. అప్పడాలు, ఊరమిరపకాయలు, మిక్చరు, బేకరీ సరుకు ఇంటికి తేవడం లేదు. నిమ్మరసం, చింతపండు, వెల్లుల్లి, మిరియాలతో నాలుకను ఒప్పించాం. ఆమెకు వేరుగా వండలేదు. ఇద్దరిదీ ఒకే కంచం రుచి.

పెళ్లి భోజనాలు, నిద్ర లేని రాత్రుల తర్వాతే ఎక్కువసార్లు తల తిరిగిందని పుస్తకం చెప్పింది. ఇప్పుడు రెండు, మూడు నెలలకోసారి వస్తోంది. మందు వల్లనా, పథ్యం వల్లనా, జబ్బు తనంతట తానే నెమ్మదించిందా, విడదీసి చెప్పలేం. వచ్చినప్పుడు ఆమె కదలకుండా పడుకుని ఒకే చోట చూపు నిలుపుతుంది. లేవాల్సి వస్తే తోడుగా పట్టుకుంటాం. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాలేదు. అందుకే విహారంలో ఇప్పుడు ఆమెకు కుడిపక్కన కూర్చుంటున్నాం.

బస్తీలకు వెళ్లినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ఆడవాళ్లను చూస్తుంటాం. ఎవరో ఒకరు అప్పటికే వేపమండలు పట్టుకుని ఉంటారు. ముందు డాక్టరుకు చూపించండి అంటాం. మాట తడబడినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి అంటాం. తాయెత్తు కట్టినవాళ్లను చూసి మాత్రం నవ్వం. ఆ రాత్రి మా చెయ్యీ దాని దాకా వెళ్లి వచ్చిందే.